మీ గదిలో చెప్పుకున్న మాట పెళ్లి బంతిలో వినపడింది: మన జిల్లాల కౌన్సెలర్లకు బహిరంగ లేఖ

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కౌన్సెలింగ్ చేస్తున్న సైకాలజిస్టులకి, కౌన్సెలర్లకి,

నమస్కారమండి.

నేను విజయనగరంలో ఒక బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తాను. నాలుగేళ్ల కిందట మా అమ్మ 11 నెలలు మంచాన ఉండి నా చేతుల మీదే పోయింది. ఆ తరవాత నాకు నిద్ర లేదు. రాత్రి ఒంటిగంటన్నరకి మెలకువ వచ్చేది, అమ్మకి మాత్ర వేసే టైము అది, లేచి వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో నీళ్లు పట్టుకుని అమ్మ గది గుమ్మం దాకా వచ్చాక గుర్తొచ్చేది, మంచం తీసేశామని. పగలు కౌంటర్లో నోట్లు లెక్కపెడుతూ మధ్యలో ఎక్కడున్నానో మర్చిపోయేదాన్ని. ఒకరోజు క్యాష్‌లో తేడా వస్తే సొంత డబ్బు కట్టాను. అప్పుడు మా బ్రాంచిలో ఒకావిడ, "ఫలానా ఆయన కౌన్సెలింగ్ చేస్తారు, బాగా మాట్లాడతారు, మా చెల్లిని అక్కడికే తీసుకెళ్లాం" అని చెప్పారు. వెళ్లాను.

ఆయన పేరు రాయను, ఏ వీధో కూడా రాయను. ఆయన చెడ్డమనిషని అననే అనను. చదువుకున్నవారు, ఓపిగ్గా వినేవారు, మొదటి నెల నాకు నిజంగా మేలు చేశారు. అమ్మ పోయాక చుట్టాలందరూ "ధైర్యంగా ఉండు" అన్నవాళ్లే, ఎలా ఉన్నావని అడిగి జవాబు పూర్తయ్యేదాకా ఆగిన మొదటి మనిషి ఆయనే. అందుకే ఇది ఆయన ఒక్కరికే రాసి ఊరుకోకుండా మీ అందరికీ రాస్తున్నాను. మంచివాళ్లు కూడా చిన్న చిన్న అడుగులతో హద్దు దాటేస్తున్నారు, దాటిన సంగతి అప్పటికప్పుడు మీకూ తెలియడం లేదు, మాకూ తెలియడం లేదు.

గది ఒక మెడికల్ షాపు పైన, మేడ మీద. బయట బెంచీ, దాని మీద ఎప్పుడూ నలుగురైదుగురు. గదికి తలుపు ఉంది గానీ ఉక్కపోస్తుందని తీసే ఉంచేవారు, కర్టెన్ ఒక్కటే అడ్డం. ఫ్యాను గాలికి కర్టెన్ లేచినప్పుడల్లా బెంచీ మీద వాళ్ల కాళ్లు, చెప్పులు కనపడేవి, నేను గొంతు తగ్గించేదాన్ని. రిజిస్టర్ దగ్గర కుర్రాడు ఇంటిపేరుతో సహా గట్టిగా పిలిచేవాడు. మన ఊళ్లో ఇంటిపేరు పిలిస్తే ఊరూ కులమూ చుట్టరికమూ అన్నీ కలిపి పిలిచినట్టే కదా. ఇది చిన్న విషయం అనుకోకండి. సగం మంది మెట్ల దగ్గర నుంచే వెనక్కి వెళ్లిపోయేది దీని వల్లే, నేనే రెండుసార్లు వెళ్లిపోయాను.

రెండో నెలలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. "నన్ను సారూ గీరూ అనకు, అన్నయ్యా అను" అన్నారు. నాకు అన్నదమ్ములు లేరు, ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, ఇంటికెళ్లి మా ఆయనకి కూడా చెప్పాను. తరవాత రాత్రి పదింటికి వాట్సాప్‌లో "పడుకున్నావా చెల్లాయ్" అని మెసేజ్. ఆ మెసేజ్ వస్తే నిద్ర పట్టేది, రాకపోతే ఫోను చేతిలో పట్టుకుని కూర్చునేదాన్ని. ఇంకో నెల గడిచాక ఆయన తన ఇంటి గొడవలు చెప్పడం మొదలుపెట్టారు, భార్యతో పడటం లేదని, పిల్లాడు చదవడం లేదని, గంటలో సగం అదే. ఫీజు నేను కట్టి ఆయన బాధ నేను వింటున్నానన్న ఆలోచన అప్పుడు రాలేదు. అంతమందిలో నాకే చెప్పుకుంటున్నారంటే నేనంటే ప్రత్యేకమేమో అనుకున్నాను.

ఆ తరవాత లోను సంగతి వచ్చింది. ఆయన బావమరిది లోను దరఖాస్తు మా బ్రాంచిలో ఉందట. "నీ టేబుల్ మీదికే వస్తుంది కదా చెల్లాయ్, కాస్త చూడు" అన్నారు, ఆ రోజు సెషన్ అయిపోయి నేను చెప్పులు వేసుకుంటుంటే. సిబిల్ స్కోరు బాగాలేదు, కాగితాలు సరిగా లేవు, మామూలుగా అయితే రెండో మాట లేకుండా వెనక్కి పంపేదాన్ని. పంపలేకపోయాను. ఎందుకంటే ఆయనకి నా సంగతి ఒకటి తెలుసు. అమ్మ ఆఖరి రోజుల్లో ఒక రాత్రి పిలుస్తుంటే వినపడి కూడా నేను లేవలేదు, ఒళ్లు అలిసిపోయి, విసుగెత్తి, దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఆ మాట మా ఆయనకి చెప్పలేదు, మా చెల్లికి చెప్పలేదు, ఆ గదిలో మాత్రమే చెప్పాను. ఆయన దాన్ని అడ్డం పెట్టుకుని బెదిరించారని అనడం లేదు, ఆ మాట ఎత్తనైనా లేదు, ఎత్తనక్కర్లేదు కూడా. నా గుట్టు ఒకరి దగ్గర ఉన్నాక వాళ్లు ఎంత నెమ్మదిగా అడిగినా నాకు కాదనే గొంతు లేదు. ఫైలు మా మేనేజరు తిప్పి పంపారు, నేను ఆపగలిగేదేమీ లేదు, కానీ ఆ వారం నా సెషన్ క్యాన్సిల్ అయింది, ఆపై వారం కూడా అయింది, రాత్రి మెసేజ్‌లు ఆగిపోయాయి. మళ్లీ ఒంటిగంటన్నరకి మెలకువ.

పెళ్లి ఇది జరిగాక రెండు నెలలకి. మా ఆడపడుచు వైపు వాళ్లది, రింగ్ రోడ్డు వైపు ఒక కళ్యాణ మండపంలో. రెండో బంతిలో కూర్చున్నాను, విస్తట్లో పనసపొట్టు కూర వడ్డించి వెళ్లారు, పక్క కుర్చీలో ఒకావిడ వచ్చి కూర్చుని నవ్వుతూ, "ఏటమ్మా, ఇప్పుడు నిద్దర పడతందా? మీ అన్నయ్య గారు సెప్పేరులే, అమ్మ గురించి బెంగెట్టుకున్నావట, రాత్తిరి పిలిస్తే లెగలేదని ఏడుస్తన్నావట, ఎవులికైనా అలుపుండదేటమ్మా" అన్నారు. ఆవిడ ఆయన భార్య, పెళ్లికొడుక్కి పిన్నత్త వరస అవుతారట. ఆవిడ ఎంతో ఆప్యాయంగా అడిగారు, ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. ఎదురు వరసలో మా పెద్దమ్మ కూర్చుని ఉంది, మా అమ్మకి తోడబుట్టిన అక్క. పెద్దమ్మ చేతిలో ముద్ద అలాగే ఉంది, నావైపు చూసింది. ఆ చూపు తరవాత ఆ ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో నేను చూడలేదు, లేచి చేయి కడుక్కుని బయటికి వచ్చేశాను. వారం తిరక్కుండా ఆ మాట బొబ్బిలి దాకా వెళ్లింది, మా అత్తగారి ఊరు.

ఈ ఉత్తరం చదివితే నేనెవరో కొందరికి తెలుస్తుంది. తెలిసే రాస్తున్నాను, ఎలాగూ ఆ రోజు బంతిలోనే తెలిసిపోయింది. నా సంగతి నా నోటితో చెప్పుకోవడం వేరు, నన్ను నమ్మించి విన్నవాళ్ల ఇంట్లోంచి అది బయటికి రావడం వేరు.

మీలో ఒకరిద్దరితో ఇదంతా మాట్లాడాను. "చిన్న ఊరమ్మా, ఇక్కడ అలా కుదరదు, అందరికీ అందరూ తెలుసు, విదేశాల్లో పెట్టుకున్న రూల్స్ ఇక్కడ నడవవు" అన్నారు. చిన్న ఊరన్న మాట నిజమే. మూడు లాంతర్ల దగ్గర నిలబడి "మీ ఇంటిపేరేటి, మీదే ఊరు" అని రెండు ప్రశ్నలు వేస్తే ఎవరికి ఎవరు ఏమవుతారో తేలిపోతుంది. మీ పిల్లల క్లాస్ టీచరే మీ క్లయింటు కావచ్చు, మీకు పాలు పోసే ఆయన కోడలు కావచ్చు, శ్రీకాకుళంలో అయితే ఏడు రోడ్ల జంక్షన్ దాటేలోపు ఇద్దరు క్లయింట్లు ఎదురవుతారు. పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజైతే ఊరంతా ఒక్కచోటే ఉంటుంది, మీరూ మేమూ భుజాలు రాసుకుంటూ నిలబడతాం. ఇవేవీ ఎవరూ తప్పించలేరు, తప్పించమని నేను అడగడం లేదు. కానీ అందరికీ అందరూ తెలిసిన చోట ఒక్క మాట జారితే వెళ్లేది ఎక్కడికి? నేరుగా మా అత్తగారింటికి, మా ఆఫీసుకి, మా పిల్ల పెళ్లి సంబంధంలోకి. హైదరాబాదులో ఒకరి గుట్టు బయటపడితే వాళ్లు ఇల్లు మారొచ్చు, మేం ఎక్కడికి పోతాం? పెద్ద ఊళ్లో కన్నా ఇక్కడ మీరు ఇంకో నాలుగింతలు జాగ్రత్తగా ఉండాలన్నది నా వాదన.

చుట్టరికం ముందే ఉంటే ఆ కేసు తీసుకోకండి, వేరేవాళ్ల దగ్గరికి పంపండి. పంపడానికి దగ్గర్లో వేరేవాళ్లు లేకపోతే ఆ సంగతి మొదటి రోజే మాతో చెప్పండి, "మీ ఆడపడుచు వాళ్లు మా ఆవిడ వైపు చుట్టాలు, మీకు అభ్యంతరమా" అని ఒక్క మాట అడగండి. ఆయన అడిగి ఉంటే నేను ఆ రోజే వేరే దారి చూసుకునేదాన్ని.

ఆ తరవాత ఏడాది పాటు ఎక్కడికీ వెళ్లలేదు. పిచ్చి ముదిరిందేమో అని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాక, మా ఆయన బలవంతం మీద విశాఖపట్నంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. రైల్లో గంట, ఆటోలో అరగంట. మొదటి రోజు ఆవిడ నా కథ అడగకముందే ఒక కాగితం చేతిలో పెట్టారు. తెలుగులో ఉంది, ఒక్క పేజీ. చదవమని, అర్థం కానిది అడగమని, నేను చదువుతున్నంతసేపూ మాట్లాడకుండా కూర్చున్నారు. మీరు చెప్పింది ఇంట్లోవాళ్లకి కూడా చెప్పను అని ఉంది. అయితే మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే, చిన్నపిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిస్తే, కోర్టు అడిగితే, అప్పుడు చెప్పాల్సి వస్తుంది, అది కూడా వీలైతే ముందు మీతో చెప్పే చేస్తాను అని ఉంది. ఫోను ఏ టైములో ఎత్తుతారో, ఎత్తకపోతే అత్యవసరంలో ఎవరికి చేయాలో ఉంది. బయట ఎక్కడైనా కనపడితే నేను ముందుగా పలకరించను, మీరు పలకరిస్తే పలకరిస్తాను, అది కోపం అనుకోవద్దు అని ఉంది. ఈ లైను చదివి నేను ఏడ్చాను. అంతకు ముందు సంవత్సరం ఈ ఒక్క లైను నాకెవరైనా ఇచ్చి ఉంటే చాలు కదా అని.

ఒకసారి నిజంగానే ఆ సైకాలజిస్టు వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎదురయ్యారు, మా అత్తగారు నా పక్కనే ఉన్నారు. సైకాలజిస్టు నన్ను చూశారు, చూసి బస్సు బోర్డు వైపు తల తిప్పుకున్నారు. మా అత్తగారికి ఏమీ తెలియలేదు. ఇంకోసారి నిద్ర కుదురుకున్న సంతోషంలో పలాస జీడిపప్పు రెండు కిలోలు కొని పట్టుకెళ్లాను. ఆవిడ తీసుకోలేదు. తీసుకోను అని ఊరుకోకుండా, ఎందుకు తెచ్చారో అడిగారు, నాకు మొదట చిన్నతనంగా అనిపించింది, మనకి అలవాటు కదా, పని చేసిపెట్టిన వాళ్లకి ఉత్త చేతులతో ఎదురుపడలేం. మాట్లాడుతూ ఉంటే బయటపడింది, నా మీద ఆవిడకి విసుగొస్తుందేమో, మానేస్తారేమో అన్న భయంతో తెచ్చానని. వెనకటి ఆయన దగ్గర లోను ఫైలు ఆగాక సెషన్లు ఆగిపోయాయి కదా, ఆ భయం. ఆ రోజు సెషన్ మొత్తం దాని మీదే నడిచింది. ఆవిడ మొహమాటపడి ఆ ప్యాకెట్ తీసేసుకుని ఉంటే ఆ భయం నాలో అలాగే ఉండిపోయేది.

మీకు చదువులో చెప్పే ఉంటారు, ట్రాన్స్‌ఫరెన్స్ అని. బాధలో ఉన్న మనిషికి, వినేవాళ్ల మీద తండ్రి మీద ఉన్నంత గురి, అన్న మీద ఉన్నంత చనువు, ఒక్కోసారి ప్రేమ కూడా పుడుతుంది. మాటలతో మనసుకి వైద్యం చేసే పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1915లోనే దీని గురించి రాశాడు, ఈ ప్రేమ ఆ వైద్యం జరిగే పద్ధతిలోంచి పుట్టిందే, డాక్టరు తనలోని ఆకర్షణ వల్ల అనుకోకూడదు అని. వందేళ్లు దాటింది. నేను ఆయన మెసేజ్ కోసం పదింటికి ఫోను పట్టుకుని కూర్చున్నది అదే. అది మా తప్పు కాదు, మేం చెడిపోయామనీ కాదు, జ్వరానికి ఒళ్లు కాలినట్టు అదొక లక్షణం. దాన్ని గుర్తుపట్టి, వాడుకోకుండా, దాంతోనే మమ్మల్ని బాగుచేయడం మీ పని. వాడుకోవడం అంటే పడక ఒక్కటే అనుకుంటారు చాలామంది. లోను అడగడం కూడా వాడుకోవడమే. ఇన్సూరెన్స్ పాలసీ అంటగట్టడం, మీ స్కీములో చేర్చుకోవడం, మీ ఇంటి గొడవలు మామీద దించుకోవడం, మా చేత మీ పిల్లలకి ట్యూషన్ చెప్పించుకోవడం, అన్నీ.

పడక దాకా వెళ్లినవి కూడా ఉన్నాయి. శ్రీకాకుళం వైపు అమ్మాయి ఒకామె, పెళ్లి కాలేదు, నా కన్నా బాగా చిన్నది, ఆమె చెప్పమంటేనే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ముందు భుజం మీద చెయ్యి, తరవాత "ధైర్యం కోసం" దగ్గరికి తీసుకోవడం, తరవాత "ఇదీ థెరపీలో భాగమే" అన్న మాట. ఏ థెరపీలోనూ అది భాగం కాదు. మీకు ఈ సంగతి తెలుసు, మాలాంటివాళ్లకి తెలియదు, అందుకే అంత సులువుగా ఆ మాట అనగలిగారు. ఆ అమ్మాయి తరవాత నాతో అంది, "నేనే ఇష్టపడ్డానేమో అక్కా, నేను కూడా వద్దనలేదు కదా" అని. ఆ ప్రశ్న ఆమెని తినేస్తోంది. నేను చట్టం చదువుకున్నదాన్ని కాదు గానీ ఆమె కోసం తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను, మీకూ పనికొస్తాయి.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 68వ సెక్షన్ ఉంది. అధికార స్థానంలోనో, నమ్మకంతో కూడిన సంబంధంలోనో, ఆసుపత్రి సిబ్బందిగానో ఉన్నవాళ్లు ఆ స్థానాన్ని అడ్డం పెట్టుకుని తమ సంరక్షణలో ఉన్న స్త్రీని లొంగదీసుకుంటే, అది అత్యాచారం కిందికి రాకపోయినా, 5 నుంచి 10 ఏళ్ల కఠిన కారాగార శిక్ష. "ఆమె కూడా వద్దనలేదు" అన్న చోటి కోసమే ఆ సెక్షన్ రాసింది. అది స్త్రీల గురించి మాత్రమే చెబుతుంది, మగ క్లయింట్లకి అంత సూటిగా రక్షణ లేదు, వాళ్ల విషయంలో మీ నియమమే దిక్కు. డాక్టర్లకయితే 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లోనే రోగితో అనుచిత సంబంధం పెట్టుకుంటే క్రమశిక్షణ చర్య అని ఉంది. కౌన్సెలింగ్ అయిపోయాక అయితే పరవాలేదు కదా అంటారు కొందరు. అమెరికాలో సైకాలజిస్టుల సంఘం, సెషన్లు ముగిశాక కనీసం 2 ఏళ్లు పూర్తిగా నిషేధం, ఆ తరవాత కూడా చాలా అరుదుగా తప్ప కూడదు అని రాసుకుంది. అక్కడి సైకియాట్రిస్టుల సంఘం అయితే ఎన్నేళ్లయినా కూడదంది. మా గుట్టు మీ దగ్గర రెండేళ్లకి పాతబడిపోదు కాబట్టి ఆ రెండో మాటే నాకు సరైనదనిపిస్తుంది.

పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఉద్యోగులకే అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదట. ఆ చోట ఉద్యోగం చేయని ఆడమనిషి కూడా ఫిర్యాదు చేయొచ్చు, వైద్యం చేసే చోట్లు కూడా అందులోకి వస్తాయి. పదిమంది లేని చిన్న క్లినిక్ అయితే జిల్లాలో ఉండే లోకల్ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి, 3 నెలల లోపు, కారణం చూపితే కమిటీ ఇంకో 3 నెలలు పెంచొచ్చు. ఆ అమ్మాయికి ఇది తెలిసేసరికి ఆ గడువు రెండుసార్లు గడిచిపోయింది. ఆ కమిటీ గురించి ఏ క్లినిక్ గోడ మీదా నేను చూడలేదు. ఈ సంగతి వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెడుతున్నాను, అది వేరే.

రహస్యం విషయానికి వస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చూడండి, 2018 మే నుంచి అమల్లో ఉంది. వైద్యం చేసేటప్పుడు తెలిసినదంతా గోప్యంగా ఉంచాలని అందులో ఉంది, మినహాయింపులు కూడా లెక్కగా ఉన్నాయి. భార్యకి చెప్పొచ్చని ఆ మినహాయింపుల్లో లేదు. 24వ సెక్షన్ ప్రకారం రోగి అనుమతి లేకుండా ఫోటో గానీ వివరాలు గానీ మీడియాకి ఇవ్వకూడదు. మరి యూట్యూబ్‌లో "నా దగ్గరికి వచ్చిన ఒక కేసు" అని చెబుతుంటారు మీలో కొందరు, పేరు చెప్పలేదు కదా అంటారు. "బ్యాంకులో పనిచేసే ఒకావిడ, తల్లి పోయింది, నిద్ర పట్టదు" అంటే విజయనగరంలో పేరు చెప్పాలా?

ఇంటివాళ్ల సంగతి ఇంకొకటి ఉంది, ఇది మీకు కష్టమైనదని నాకు తెలుసు. ఫీజు కట్టేది మొగుడు, తీసుకొచ్చేది అత్తగారు. సెషన్ అయ్యాక అత్తగారు లోపలికి వచ్చి "ఏటి సెప్పింది బాబూ మా కోడలు" అని అడుగుతారు, మీరు పెద్దావిడని ఎలా కాదంటారు, పైగా మీకు కూడా కాపురం నిలబెట్టాలని ఉంటుంది, ఊళ్లో పెద్దమనిషిలా నాలుగు మాటలు చెప్పి సర్దేద్దాం అనిపిస్తుంది. వద్దండి. పెద్దమనుషులు మాకు చాలామంది ఉన్నారు, మాకు లేనిది ఎవరి పక్షమూ తీసుకోకుండా మా మాట మాత్రమే వినేవాళ్లు. "అమ్మా, ఆవిడ చెప్పింది నేను చెప్పకూడదు, మీరు చెప్పినా ఆవిడకి చెప్పను, కావాలంటే ఆవిడ ఒప్పుకుంటే ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. ఒకసారి అంటే రెండోసారి అడగరు. ఊళ్లో ఆ పేరు వస్తే మీ దగ్గరికి వచ్చేవాళ్లు పెరుగుతారే గానీ తగ్గరు.

ఇంకొకటి, మీరెవరో మాకు చెప్పండి. క్లినికల్ సైకాలజిస్టు అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి, దానికి సీఆర్ఆర్ నంబరు, అంటే ఆ కౌన్సిల్ రిజిస్టర్లో నమోదు నంబరు, ఇస్తారు. అది బోర్డు మీద రాయండి. ఎమ్మే సైకాలజీ చదివి కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్లు అదే రాయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. పదిరోజుల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లు దయచేసి సైకాలజిస్టు అని రాసుకోకండి. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం వచ్చి క్లినికల్ కాని సైకాలజిస్టుల్ని, సోషల్ వర్కర్లని కూడా తన పరిధిలోకి తీసుకుంది. అది పూర్తిగా గాడిన పడేదాకా ఆగక్కర్లేదు, మీరే ముందు మొదలుపెట్టొచ్చు.

మీ మీద నాకు జాలి కూడా ఉంది, నిజంగా. రోజంతా ఇంతమంది ఏడుపులు విని ఇంటికి వెళ్లి ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం ఎంత బరువో ఆ వైజాగ్ ఆవిడని అడిగితే తెలిసింది, ఆవిడకి కూడా ఒక పెద్దావిడ ఉన్నారట, నెలకి రెండుసార్లు పేర్లు లేకుండా తన కేసుల గురించి, తన తప్పుల గురించి మాట్లాడతారట. సూపర్‌విజన్ అంటారట. మీరు రెండు జిల్లాల్లోనూ కలిపి ఎంతమంది ఉంటారు, నెలకొకసారి ఒకచోట కూర్చుని ఇలా మాట్లాడుకోలేరా? ఆ బావమరిది లోను మాట నాతో అనకముందు ఆయన ఇంకో కౌన్సెలర్‌తో అని ఉంటే, "వద్దు" అని ఆ మనిషి అక్కడే ఆపేవారు. ఇంట్లో గొడవలు కూడా నాతో చెప్పుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

నేను అడుగుతున్నది ఒక్క కాగితం. తెలుగులో, ఒక పేజీ, మొదటి రోజు మా చేతికి ఇవ్వండి, ఇంకో కాపీ బెంచీ ఎదురుగా గోడకి అంటించండి. మా మాట ఎవరికి చెప్పరో, ఎప్పుడు చెప్పాల్సి వస్తుందో, ఎన్నింటి తరవాత మెసేజ్ పెట్టరో రాయండి. "మిమ్మల్ని ముట్టుకోం, అప్పు అడగం, చుట్టరికం ఉంటే ముందే చెబుతాం" అని రాయండి. మీ నమోదు నంబరు, మీ మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలో ఆ చోటు, మీరు దొరకని వేళ ఫోను చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా రాయండి. చదవడం రానివాళ్లకి చదివి వినిపించండి. నా దగ్గర ఉన్న ఆ కాగితాన్ని, ఆవిడ పేరు తీసేసి, ఆవిడ అనుమతితోనే, మన జిల్లాల మాటలో మళ్లీ రాసి పెట్టుకున్నాను. అడిగిన వాళ్లందరికీ పంపుతాను, మార్చుకుని వాడుకోండి.

మెడికల్ షాపు పైన ఉండే ఆ గది ఆయన చదివితే, ఒక్క మాట. అన్నయ్యా అని పిలవమన్నారు కాబట్టి ఆ చనువుతోనే అడుగుతున్నాను. ఎంత ఉక్కపోసినా సరే, ఆ తలుపు వేయించండి. బెంచీ మీద కూర్చున్న వాళ్లకి లోపలి మాట ఇప్పటికీ వినపడుతోంది.

ఇట్లు,
విజయనగరం నుంచి,
ఒకప్పుడు బుధవారం సాయంత్రాలు ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి